పక్షవాత రోగికి దూరశిక్షణ

పక్షవాతము వచ్చిన మనుష్యుని ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చిననాడే చికిత్స ముగిసినదని పెక్కండ్రు తలంతురు. అసలు పని ఆనాడే మొదలగును. నెత్తురు అందక చచ్చిన మెదడు భాగము మరల బ్రదుకదు. కాని దాని పనిని తక్కిన భాగములు కొంతవఱకు నేర్చుకొనగలవు. అందులకు వందలమార్లు, వేలమార్లు అభ్యాసము కావలెను. మొదటి కొన్ని నెలలు ఇందుకు మిక్కిలి విలువైనవి.

ఎర్రుపాలెమును తలచుకొనుడు. కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుమార్గముమీది గ్రామమది. ఒకవైపు ఖమ్మము, మఱియొకవైపు విజయవాడ. రెండుచోట్లను ఫిజియోథెరపీ నేర్చినవారు కలరు. అయినను కుడిప్రక్క పడిపోయిన రైతు వారమునకు మూడుమార్లు రైలెక్కవలెనన్న, ఎత్తి దింపుటకు ఇద్దరు తోడుండవలెను. ఆ ఇద్దరి కూలియు పోవును. కొన్ని వారములకే ప్రయాణము ఆగిపోవును. దీర్ఘకాలపు శుశ్రూష మన పల్లెలలో ఇంటనే జరుగును. మంచమే ఆసుపత్రి, భార్యయో కోడలో నర్సు.

వైద్యుని దూరమునుండి చూపించుట మనకు క్రొత్త కాదు. 2000 సంవత్సరముననే చిత్తూరు జిల్లా అరగొండలో ఉపగ్రహముద్వారా వైద్యసలహా మొదలైనది. 2019లో కేంద్రప్రభుత్వము ఈ-సంజీవనిని నెలకొల్పినది. ఆ యేటనే అమెరికాలో 124 మంది పక్షవాత రోగులపై జరిగిన పరిశోధన వెలువడినది. ఇంటివద్ద తెరద్వారా శిక్షణ పొందినవారి చేయి, చికిత్సాలయమునకు పోయినవారి చేతికి తీసిపోలేదు. అయితే ఒక్కొక్కరికి 70 నిమిషముల చొప్పున 36 పాఠములు జరిగినవి; వానిలో సగము శిక్షకుని కన్నుల యెదుటనే.

దీని ప్రక్కన మన దేశపు ఫలితమును పెట్టి చూడవలెను. 14 ఆసుపత్రులలో, 1250 మంది రోగులతో, ఇంటివారికి వ్యాయామములు నేర్పి పరీక్షించిరి. 2017లో ఫలితము ప్రకటింపబడినది: ఆరు నెలలకు మరణించినవారును, పరాధీనులై మిగిలినవారును కలిసి రెండు వర్గములలోను నూటికి 47 మందియే! ఇంటివారు పనికిరారని దీనికి అర్థము చెప్పరాదు. మొదట కొన్నాళ్లు నేర్పి వదలిన చాలదనియు, వారమువారము చూచి దిద్దువారుండవలెననియు నా యభిప్రాయము. ఫోను చేయగలిగినది ఆ దిద్దుబాటే. శిక్షకుని కన్ను దానిలోనుండి రాగలదు, చేయి రాలేదు. చేయి ఇంటివారిదే.

కావున మొదటి పిలుపునకే సిద్ధపడుడు. వెలుతురు రోగి ముఖముమీద పడవలెను. ఫోనును చేత పట్టక, నడుమెత్తున బల్లమీద నిలుపుడు. తలనుండి పాదమువఱకు కనబడవలెను. బలముగల మనిషి పడిపోయిన ప్రక్కనే నిలువవలెను. చెంబు అందుకొనుట, కుర్చీనుండి లేచుట వంటి నిత్యకృత్యములనే చేయించి చూపుడు. ఊరక కాళ్లు చేతులు ఊపుటకన్న అవి మేలు.

పడిపోయిన చేయిని పట్టి లేవదీయకుడు. భుజపుకీలు జాఱును, ఆ నొప్పి నెలలతరబడి వదలదు. పండుకొనబెట్టి పాలు పోయరాదు. ఒక గుక్క నీటికే పొలమారినచో, స్వరము తడిగా మారినచో, తిండి పెట్టుట ఆపి వైద్యునకు చెప్పవలెను. ఊపిరితిత్తులలోనికి పోయిన ఆహారము ప్రాణము తీయగలదు. పావురపు నెత్తురుతో మర్దనము చేయించు ఆచారము ఇంకను వినవచ్చుచున్నది. దానికై గడచిన వారములు తిరిగి రావు.

మఱియొక మాట. కాలు కొంచెము కదలగానే రక్తపుపోటు మాత్రలు మానువారున్నారు. మాత్రల చీటిని కూడ ఫోనులో శిక్షకునకు చూపుడు. ఏది నిలిచిపోయినదో ఆయన గుర్తించి, వైద్యునితో మాటలాడించును.