మట్టికీ ఇనుముకూ పొత్తు
(ఖరగ్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో పనిచేసినవారికి తుక్కు కొత్త కాదు. విరిగిన స్ప్రింగు, అరిగిన బేరింగు, మరలు పోయిన బోల్టు కండెమ్ అయి గుట్టలు పడతాయి. వేలంలో తూకానికి పోతాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలోనే శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన మన పెద్దలు ఆ ఇనుముతోనే బ్రతుకు వెళ్ళదీశారు. నేడు రిటైరైన ఫిట్టరు చేతి నైపుణ్యాన్ని కూడా మనం కండెమ్ చేసినట్లే ఉన్నది. ఈ రెంటిని గురించే నా మాట.

మట్టినీ తుక్కు ఇనుమునూ కలిపి శిల్పాలు చేసే కళ ఒకటున్నది. అందులో చిక్కు కూడా ఉన్నది. పచ్చిమట్టి ఆరినప్పుడూ కాలినప్పుడూ కుంచించుకొనిపోతుంది. లోపలి ఇనుము అట్లా కుంచించుకొనదు. మట్టి బీటలువారుతుంది. కనుక శిల్పి మట్టిని విడిగా కాల్చి, కొద్దిపాటి సందు విడిచి, పిమ్మట ఇనుమును బిగిస్తాడు. పట్టాల జాయింటు వద్ద సందు ఎందుకు విడుస్తారో ఎరిగిన ట్రాక్‌మెన్‌కు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మన పొరుగున బాంకురా జిల్లా పాంచ్‌మురా కుమ్మరులు సైతం మట్టి గుర్రానికి చెవులు, తోక విడిగా చేసి, అందుకై విడిచిన రంధ్రాలలో అమరుస్తారు.

ఇది కళాశాలలో చదివినవారికే సాధ్యమని అనుకొనరాదు. చండీగఢ్ ప్రజాపనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన నేక్‌చంద్ మనవంటి ఉద్యోగియే. ఆయన 1957 ప్రాంతం నుండి, డ్యూటీ ముగిసిన పిమ్మట, అటవీ భూమిలో రహస్యంగా బొమ్మలు చేశాడు. పాత సైకిలు చట్రాలు వాటికి ఎముకలు, సిమెంటు కండ, పగిలిన పింగాణీ, గాజుల ముక్కలు చర్మం. 1970 దశకం మధ్యలో సంగతి అధికారుల కంట పడింది. నిబంధనను బట్టి చూస్తే కూల్చివేయవలసిన కట్టడమే. ప్రజలు అండగా నిలిచారు. 1976లో ఆ తోటను ప్రజలకు తెరిచారు. ఆయనకు జీతమిచ్చి, 50 మంది కార్మికులను తోడిచ్చారు. 1983లో ఆ రాక్ గార్డెన్ మన తపాలా బిళ్ళకెక్కింది. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2015లో ఆయన కన్నుమూశాడు. తోట నిలిచి ఉన్నది.

మిత్రులారా, రైల్వే తుక్కు ప్రజల ఆస్తి. అందులో ఒక్క నట్టయినా ఇంటికి చేరరాదు. అందుచేతనే బాహాటంగా, అర్జీ రూపంలో అడుగుదాం. తుక్కులో కొద్ది భాగం నిర్ణీత ధరకు, రసీదుపై ఇవ్వాలి. ఒక ఖాళీ షెడ్డు చూపాలి. రిటైరైన ఫిట్టర్లు, వెల్డర్లు అక్కడ మన పిల్లలకు పని నేర్పుతారు. మట్టిపని నేర్పడానికి బాంకురా కుమ్మరులను గౌరవ వేతనమిచ్చి పిలుద్దాం. తెలుగు పిల్లలూ బెంగాలీ పిల్లలూ ఒకే బల్ల వద్ద కూర్చుంటారు.

ఇది బోనస్ వంటి కోర్కె కాదని కొందరు అనవచ్చు. జీతం కోసం పోరాడిన సంఘం, ఆ జీతం తెచ్చిన చేతి గౌరవం కోసం నిలబడనవసరం లేదా? ఈ అర్జీపై మీ సంతకాలు కోరుతున్నాను.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!