మాస్కు ఎవరి కోసం పెట్టుకున్నాం?
(మండల సమాఖ్య మహాజన సభలో చేసిన ప్రసంగం)



2020లో మనిషికి 3 మాస్కుల చొప్పున ఇస్తామని ప్రభుత్వం చెప్తే, వాటిని కుట్టింది మన సంఘాల ఆడవాళ్లే. కుట్టిన ఊళ్లలోనే మాస్కు గడ్డం కింద ఉండేది. పోలీసు జీపు కనపడితే పైకి, వెళ్లిపోతే కిందికి. హెల్మెట్ సంగతీ అంతే కదా!

చదువు లేక అలా చేశారని కొందరంటారు. నేను ఒప్పుకోను. తుంపర్ల సంగతి ఆశా కార్యకర్త చెప్తే అందరికీ అర్థమైంది. కానీ మనవాళ్లంటే భయం ఉండదు. బజారులో ముక్కు మూసుకున్న మనిషే పెళ్లింట్లో తీసేసేది. వదినగారి ముందు మాస్కేంటని మొహమాటం.

ఇక జ్వరం దాచిపెట్టడం. అప్పట్లో టెస్టులో బయటపడితే వీధికి కంచె కట్టేవాళ్లు, పాలవాడు వచ్చేవాడు కాదు, 14 రోజుల కూలి పోయేది. ఎవరు చెప్తారు చెప్పండి? బియ్యం, కూరగాయలు మేం తెచ్చిస్తామని పక్కవాళ్లు ముందే అన్న చోట మాత్రం మనుషులు దాచలేదు. టీకా కూడా అంతే. 2021 ఏప్రిల్‌లో 45 ఏళ్లు దాటినవాళ్లందరికీ వేస్తున్నప్పుడు, భయపడ్డవాళ్లు కదిలింది డాక్టరు మాటతో కాదు. సూది వేయించుకున్న పక్కింటావిడ మర్నాడు కళ్లాపి చల్లుతుంటే చూసి వెళ్లారు.

అందుకే గ్రామ సంఘాలకు చెప్తున్నా. డెంగీ వచ్చినా, ఇంకేదొచ్చినా, జబ్బు ఇంటికి సరుకులు చేర్చే ఇద్దరి పేర్లు ఈ నెల మీటింగులోనే మినిట్స్ పుస్తకంలో రాయించండి. కూలి పోయిన సభ్యురాలి కిస్తీ ఆ నెల ఏం చేయాలో కూడా అప్పుడే తీర్మానించండి.