సంతకం పెట్టే ముందు

 

మేము హాస్టల్ వార్డెన్లం. పొద్దున రాగిజావ పోసింది మొదలు రాత్రి హాజరు తీసుకునే దాకా పిల్లలతోనే మా లోకం. ఈమధ్య సెలవులకు ఊరెళ్లి వచ్చిన ప్రతి పిల్లా "మేడం, మా అన్న ఛానల్ పెట్టాడు" అంటోంది. థింసా ఆట, సామల కోత, అవ్వల పాటలు ఫోన్లో చూస్తుంటే మాకూ సంతోషమే. అందుకే ఒక మాట చెప్పాలని వచ్చాం.

ఛానల్ కాస్త ఎదగ్గానే ఏదో ఒక కంపెనీ ఫోన్ చేస్తుంది. "మా నెట్‌వర్క్‌లో చేరండి, ప్రకటనలు తెస్తాం, ఎడిటింగ్ చూసుకుంటాం" అంటుంది. అందరూ మోసగాళ్లని మేము అనడం లేదు. మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో యూట్యూబ్ 55 శాతం ఛానల్‌కు ఇస్తుంది. నెట్‌వర్క్ తన వాటా అందులోంచే తీసుకుంటుంది. నిజంగా సాయం చేస్తే వాటా ఇవ్వొచ్చు. కానీ వాటాతో పాటు ఇంకేం ఇస్తున్నామో చూసుకోవాలి.

అమెరికాలో మషీనిమా అని ఒక కంపెనీ ఉండేది. 2000లో మొదలైంది. వీడియో గేమ్‌ల మీద వీడియోలు తీసే కుర్రాళ్లు వేలమంది దాని నెట్‌వర్క్‌లో చేరారు. ఒప్పందానికి గడువే లేదని కొందరికి సంతకం పెట్టాక తెలిసింది. 2016లో దాన్ని వార్నర్ బ్రదర్స్ కొన్నది. 2019 జనవరిలో, కోటికి పైగా చందాదారులున్న దాని ప్రధాన ఛానల్‌లో వీడియోలన్నీ కనిపించకుండా పోయాయి. మరుసటి నెలలో 81 మంది ఉద్యోగులను తీసేసి కంపెనీ మూతపడింది. ఏళ్ల పని అది. కాపీ దాచుకోని వాళ్లకు ఏం మిగిలినట్టు?

అది ఎక్కడో జరిగిందనుకోకండి. మా హాస్టల్లో చదివిన ఒక అమ్మాయి వాళ్ల అవ్వ చేత కోతల పాట పాడించి పెట్టింది. ఒక కంపెనీ పంపిన ఇంగ్లిష్ ఒప్పందం మీద ఫోన్లోనే సంతకం చేసింది. తర్వాత అదే పాట వేరే ఛానల్‌లో పెడితే, హక్కు మాదని ఆ కంపెనీ క్లెయిమ్ వేసింది. "డబ్బు పోతే పోయింది, అవ్వకు ఏం చెప్పాలి మేడం?" అని ఏడ్చింది. ఆ పాట అవ్వ ఒక్కదానిదీ కాదు, ఊరిది. ఆ కాగితం మేము అప్పుడు చదివాం. లెక్కలు, సైన్సు చెప్పించాం గానీ ఒప్పందం చదవడం ఆ పిల్లకు నేర్పలేదు. తప్పులో మాకూ వాటా ఉంది.

ఇప్పుడైనా నేర్చుకుందాం. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాసిస్తే ఏ పని, ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతం అన్నవి కాగితం మీద ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. అందుకే "శాశ్వతంగా", "ప్రపంచమంతటా" అన్న మాటలు కనిపిస్తే సంతకం ఆపండి. ఛానల్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. తీసిన అసలు వీడియోలు హార్డ్ డిస్క్‌లో దాచండి. ఊరి పాటైతే ఊరి పెద్దలను అడగండి. పూజలో బయటికి చూపకూడనివి ఉంటాయి, వాటి జోలికి పోకండి.

కాగితం అర్థం కాకపోతే ఆదివారం మా హాస్టల్‌కు తీసుకురండి. పక్కన కూర్చుని వరుస వరుసా చదువుదాం. సంతకం ఆ తర్వాత.

జై ఆదివాసీ.