తాపత్రయంలో ఆ మూడూ ఏవి?

కువైట్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం మన మాట "త్రయం".

త్రయం అంటే మూడింటి కూటమి. ఆ మూడూ ఎలా కూడాయన్నది మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కవిత్రయం చూడండి. నన్నయది 11వ శతాబ్దం, తిక్కనది 13, ఎర్రనది 14. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు, వాళ్లను కలిపింది భారతం. సంగీత త్రయం అలా కాదు. త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి ముగ్గురూ ఒకే కాలంవాళ్లు, తిరువారూరులోనే పుట్టారు.

ఇక మనం రోజూ అనే త్రయం ఒకటుంది: తాపత్రయం. "పిల్లల కోసం ఎంత తాపత్రయమో!" అంటాం. అందులో మూడు ఉన్నాయని మాత్రం గుర్తుండదు. తాపం అంటే వేడి, బాధ. మన ఒంటినుంచి, మనసునుంచి పుట్టే బాధ ఆధ్యాత్మికం. తోటి ప్రాణుల వల్ల కలిగేది ఆధిభౌతికం. ఎండ, గాలి, వరద లాంటి వాటి వల్ల వచ్చేది ఆధిదైవికం. శాంతి అని మూడుసార్లు అనేది ఈ మూడూ చల్లారాలనే అని పెద్దలు చెబుతారు.

ఇక్కడ ఉండేవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది. అది ఆధిదైవికం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చిపడితే మనవాళ్లు ఉన్నదంతా వదిలేసి ఇళ్లకు చేరారు. అది ఆధిభౌతికం. ఏజెంటు మోసం చేసినా, కఫీలు జీతం ఆపినా అదే. ఇంటికి ఫోన్ చేసి పెట్టేశాక నిద్ర పట్టదు చూడండి, అది ఆధ్యాత్మికం.

కడప, రాజంపేట, గోదావరి పల్లెలనుంచి వచ్చి ఇళ్లల్లో పనిచేసే అక్కలను, డ్రైవర్లను చూసి ఊళ్లో "డబ్బు తాపత్రయం" అనేస్తారు. ఆ మాటతోనే నాకు పేచీ. అక్కడ తాపత్రయమంటే ఆశ. ఇక్కడ దాని పాత అర్థం ఇంకా బతికే ఉంది. కూతురి చదువు కోసం పడే ఆరాటమూ, దానికోసం ఓర్చుకునే మూడు బాధలూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. ఒకటి చూసి రెండోది వదిలేస్తే సగం అర్థమే.

ఈసారి మీవాళ్లు కువైట్ నుంచి ఫోన్ చేస్తే, డబ్బు ఎప్పుడు వేస్తావని అడిగేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఒంట్లో ఎలా ఉంది? ఇంటివాళ్లు ఎలా చూస్తున్నారు? ఎండలెలా ఉన్నాయి?

ఉంటానండీ. వచ్చేవారం మరో మాటతో కలుద్దాం.