నడుమ నిలిచిన ఆటలు



మొదలుపెట్టిన పనిని నడుమ విడిచినవానిని మనము ఆరంభశూరుడందుము. ఒక్కడు తన సొమ్ముతో తలపెట్టిన పనికి ఆ మాట చెల్లును. అయితే వందలకొలది జనులు కూడి, ఏండ్ల తరబడి, పరుల ధనముతో చేయు పని నిలిచిపోయినప్పుడు ఆ నింద ఎవరికి చెందును? అట్టి పని నొకదానిని గూర్చి నేడు విచారింతము. అది కంప్యూటరు తెరపై ఆడు పాత్రధారణక్రీడల నిర్మాణము. వీనినే రోల్ ప్లేయింగ్ గేములందురు.

వీథినాటకమున వేషము కట్టువాడు వేరు, చూచువాడు వేరు. ఈ క్రీడలో చూచువాడే వేషము కట్టును. తెరపై ఒక దేశముండును. అందు ఊళ్ళు, అడవులు, జనులు ఉందురు. ఆటగాడు వారిలో నొకడై తిరుగును. దారిలో చిక్కిన దొంగను విడిచిపుచ్చునో, తలారికి పట్టియిచ్చునో వాని యిష్టము. వాడు చేసినదానికి తగినట్లు కథ మారవలెను. ఆటకు ప్రాణమదియే, కట్టువారికి కష్టమును అదియే.

లెక్క వేసి చూతము. ఒక్కొక్క చోట రెండేసి దారులున్నచో, పది చోట్లు దాటునప్పటికి కథ 1,024 విధములగును. అన్ని కథలు వ్రాయుట ఎవరికి శక్యము? అందుచే రచయితలు ఏటిపాయలవలె కథను చీల్చి, కొంతదూరము పోనిచ్చి, మరల ఒకచోట కలుపుదురు. అట్లు కలిపినను, ప్రతి పాయకును సంభాషణములు వ్రాయవలెను, బొమ్మలు గీయవలెను, కంప్యూటరునకు ఆజ్ఞలు కూర్పవలెను, ముమ్మారు ఆడి తప్పులు పట్టవలెను. ఒకచోట మాట మార్చినచో పదిచోట్ల సవరింపవలసివచ్చును. పని యింత పెద్దది కావున ఏండ్లు పట్టును. జీతములా, నెలనెలా ఈయవలెను. రాబడియో, ఆట వెలువడిన పిమ్మటగాని రాదు. ఈ నడిమి కాలమే గండము.

దీనికి దృష్టాంతముగా ఒక చరిత్ర చెప్పెదను. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమున, ఇంటర్‌ప్లే అను సంస్థ 1983లో ఏర్పడెను. అది 1997లో ఫాలౌట్ అను ఆటను వెలువరించెను. అణుయుద్ధమున ధ్వంసమైన దేశములో మిగిలిన మనుష్యులు ఎట్లు బ్రతికిరన్నది అందలి కథ. మరుసటి యేట రెండవ భాగము వచ్చెను. మూడవ భాగమును బ్లాక్ ఐల్ అను ఆ సంస్థ శాఖవారు చేపట్టి, పూర్వమొకప్పటి అమెరికా అధ్యక్షుని పేరిట దానికి వాన్ బ్యూరెన్ అని గుప్తనామ ముంచిరి.

ఆ శాఖలోనే బాల్డర్స్ గేట్ అను మరియొక ప్రసిద్ధమైన ఆటకు మూడవ భాగముగూడ సిద్ధమగుచుండెను. అయితే అందలి లోకమును, ఆటనియమములును డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను వేరొక క్రీడకు సంబంధించినవి. అవి యితరుల సొత్తు. ఆ హక్కు ఇంటర్‌ప్లే చేజారుటతో 2003లో ఆ పని ఆగిపోయెను. ఇతరుల స్థలమున ఇల్లు కట్టువానికి పత్రమెంత ముఖ్యమో దీనివలన తెలియును.

ఇక వాన్ బ్యూరెన్ మిగిలెను. అప్పటికి ఇంటర్‌ప్లే అప్పులలో మునిగి, టైటస్ అను ఫ్రెంచి సంస్థ అధీనమున నుండెను. 2003 డిసెంబరు 8వ తేదీన ఆ శాఖ పనివారినందరిని తొలగించిరి. కథ యుండెను, పాత్రలుండెను, నమూనాగా ఆడదగిన భాగమును ఉండెను. లేనిది తరువాతి నెలల జీతము. చేయువారి నేర్పునకు ఇందు లోపము కానరాదు.

ధనమున్నచో చాలునా? చాలదనుటకు అదే సీమలోనున్న బ్లిజర్డ్ సంస్థ సాక్ష్యము. అది మిక్కిలి సంపన్నమైన సంస్థ. వేలకొలది జనులు ఒక్కమారుగా ప్రవేశించి ఆడదగిన టైటన్ అను మహాక్రీడను అది ఏడేండ్లపాటు నిర్మించి, 2014లో విడిచిపెట్టెను. అందు తమకు ఆనందము దొరకలేదని ఆ సంస్థ పెద్దలే చెప్పిరి. మన లక్షణకారుల మాటలో చెప్పవలెనన్న, రసము కుదరలేదు. నేల విడిచిన సాము ఎంత ధనవంతునికైనను ఫలింపదు.

కాబట్టి ధనము, హక్కు, రసము, ఈ మూడింటిలో ఏది లోపించినను ఆట నడుమనే నిలుచును.

అట్లు నిలిచినదంతయు మట్టిపాలగునా? బ్లాక్ ఐల్‌లోని కొందరు 2003లోనే ఆబ్సిడియన్ అను క్రొత్త సంస్థను స్థాపించిరి. ఫాలౌట్ హక్కులు బెథెస్డా అను సంస్థకు చేరెను; వారు 2008లో మూడవ భాగమును తమదైన కథతో వెలువరించిరి. పిదప మరియొక ఆటను చేయుటకు ఆబ్సిడియన్‌వారినే నియోగించిరి. అది 2010లో ఫాలౌట్ న్యూ వెగాస్ అను పేర వచ్చెను. వాన్ బ్యూరెన్ చివరి దశలో రచనాభారము వహించిన జాష్ సాయరే దీనికి సూత్రధారి. హూవరు ఆనకట్ట, సీజరు సేన మొదలైన పాత కల్పనలు ఇందు మరల తలయెత్తెను. టైటన్ శకలములనుండి ఓవర్‌వాచ్ అను ఆట పుట్టి 2016లో వెలువడెను. బాల్డర్స్ గేట్ మూడవ భాగమును బెల్జియమునకు చెందిన లారియన్ సంస్థ వేరుగా నిర్మించెను. వారు 2020లో మొదటి అంకమును మాత్రము ముందుగా విక్రయించి, ఆడినవారి మాటలు విని సవరించుకొనుచు, 2023లో ఆటను సంపూర్ణము చేసిరి. నడిమి గండమును దాటుటకు అదియొక ఉపాయము.

అయితే ఆటలోని కల్పన మరల మొలచినను, పనివాని యేండ్లు మరల రావు. వెలువడని ఆటలో వాని పేరు ఎవరికిని కనబడదు. రహస్యము కాతునని సంతకము చేసియుండుటచే, చేసిన పని చూపి మరియొకచోట కొలువడుగుటయు పలుమారు కుదరదు. ఈ పని నేడు హైదరాబాదులోను జరుగుచున్నది. మన పల్లెలనుండి వెళ్ళిన బిడ్డలును అందున్నారు. అట్టివాడొకడు ఇంటికి వచ్చి, మూడేండ్లు చేసిన ఆట ఆగిపోయినదని చెప్పినచో, వానిని ఆరంభశూరుడని గాని, పనికిమాలినవాడని గాని తీర్మానింపకుడు. పెండ్లి మాటలకు వచ్చినవారు నీవు చేసినదేదీ యని యడిగినప్పుడు, వాని పక్షమున ఒక మాట చెప్పుటకు పెద్దలైన మీరు సమర్థులు. వాన పడక పైరెండినచో రైతును సోమరియని మనము నిందింపము గదా!

అట్టి కొలువులో చేరబోవు బాలునికి మాత్రము మూడు ప్రశ్నలు నేర్పుడు. సొమ్ము ఎవరిది, ఎంతకాలమునకు సరిపోవును? కథపై హక్కు ఎవరిది? ఇంతవరకు సిద్ధమైన భాగమును ఆడిచూచినవారికి అది రుచించినదా? వీనికి సమాధానము తెలిసికొని చేరినచో, రేపు పని ఆగినను వాడు దిగ్భ్రమ చెందడు.