మట్టిమిద్దె కూల్చే ముందు



మన సంఘాల్లో ఇంటి కోసం అప్పు అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. పాత మట్టిమిద్దె కూలదోసి స్లాబు వేద్దామని కొందరి ఆలోచన. కూల్చే ముందు ఒకసారి చూసుకోమని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

కర్నూలు, కడప పల్లెల్లో మన పెద్దలు తెలివితోనే మిద్దె కట్టినారు. రెండడుగుల రాతి గోడ, దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలో బండలో పరిచి మట్టి, అన్నిటికీ పైన చవుడు. ఇంత మందం దాటి ఎండ లోపలికి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. నాలుగైదు అంగుళాల స్లాబు పగలంతా కాగి, రాత్రి ఆ వేడి మన మీదికే వదులుతుంది.

ఆస్ట్రేలియాలో కూబర్ పెడీ అనే ఊరి జనం ఎండకు తాళలేక భూమిని తొలిచి ఇళ్లు చేసుకున్నారు. మన నల్లరేగడిలో అట్లా దిగకూడదు. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అందుకే మన పెద్దలు మట్టినే ఇంటి మీదికి ఎక్కించినారు.

అయితే మిద్దెకు చాకిరీ ఉంది. ఏటా వానలకు ముందే గడ్డి వేర్లతో పీకాలి. పాత చవుడు గీకి తీసి కొత్తది పోయాలి, లేకుంటే బరువు పెరుగుతుంది. తడిసిన చవుడు బిగుసుకుని నీళ్లు దిగనీయదు, కానీ వాటం సరిగా ఉండాలి. గవాచికి మూత పెట్టాలి.

ముసురు పట్టినప్పుడు పాత మిద్దెలు కూలి మనుషులు పోయిన వార్తలు వింటూనే ఉన్నాం. దూలానికి చెదలు పట్టినా, దంతె విరిగినా, గోడ ఉబ్బినా ఆ ఇంట్లో ఎవరూ పడుకోవద్దు. ఆ ఇల్లు దించాల్సిందే.

దించితే రాళ్లు, బండలు అమ్ముకోవద్దు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతాలకు పెట్టిన సాయం 1,20,000 రూపాయలు, ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు. అది చాలకపోతే అప్పే. పాత రాయి కొత్త గోడకు వాడితే ఆ మేరకు అప్పు తగ్గుతుంది. స్లాబు వేసినా ఎండాకాలం ముందు పైన సున్నం కొట్టండి. ఎదురెదురు కిటికీలు పెట్టండి, పడమట వేపచెట్టు నాటండి.

మేము ఒకటి ప్రతిపాదిస్తున్నాం. ఇంటి అప్పుకు తీర్మానం రాసే ముందు ఇద్దరు సభ్యులు మేస్త్రీని తీసుకుపోయి మిద్దె చూసి రావాలి. గట్టిగా ఉంటే మరమ్మతుకు చిన్న అప్పు ఇద్దాం. ప్రమాదంగా ఉంటే కొత్త ఇంటికి వాళ్లకే ముందు ఇద్దాం.

అప్పు కట్టేది మనం, ఆ ఇంట్లో పొద్దంతా ఉండేది మనం. ఇల్లు ఎట్లుండాలో కూడా మనమే చెప్పాలి.