పిల్లల వేళలు – దేహములోని గడియారము

(తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ఏటేట మార్కులను గూర్చియు, హాజరును గూర్చియు ముచ్చటించుకొనుట మనకు వాడుక. ఈ సారి ఆ రెండింటికిని మూలమైన వేరొక విషయమును మీ ముందుంచ దలచితిమి. అది పిల్లలు నిదురించు వేళ, భుజించు వేళ. మొదటి పీరియడులో తల వాల్చు పిల్లవానిని సోమరి యని యెంచుట సులభము. కాని వాని దేహములో అప్పటికి ఇంకను రాత్రియే నడచుచుండవచ్చును. ఇది చమత్కారమునకు చెప్పిన మాట కాదు.

చంద్రకాంత పూలు సాయంకాలమున విచ్చుటయు, కోడి తెల్లవారుటకు ముందే కూయుటయు మనము ఎరిగినవే. ఇవి వెలుతురును బట్టి జరుగుచున్నవా, లేక లోపల వేళ తెలుపు సాధన మేదైన కలదా? 1729లో ద మైరాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి వంటి మొక్క నొకదానిని చీకటిలో నుంచి చూచెను. ఎండ తగులకున్నను దాని ఆకులు పగలు విచ్చుచు, రాత్రి ముడుచుకొనుచు నుండెను. గడియారము లోపలనే కలదన్నమాట. 2013లో జపానులోని నగోయా విశ్వవిద్యాలయమువారు కోళ్లను ఎడతెగని మసక వెలుతురులో నుంచి, తొలికోడి కూతకును ఇట్టి గడియారమే కారణమని చూపిరి.

1971లో అమెరికాలో కొనోప్కా, బెంజర్ అనువారు ఈగలలో ఈ గడియారమును నడపు జన్యువు నొకదానిని గుర్తించిరి. ఆ జన్యువు వలన పుట్టు ప్రోటీను రాత్రివేళ కణములో పేరుకొని, తన తయారీని తానే ఆపును. పిదప అది క్షీణింపగా తయారీ మరల మొదలగును. ఈ చక్రము ఒక్కసారి తిరుగుటకు సుమారు ఒక దినము పట్టును. ఈ పనితీరును విశదపరచిన హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురకు 2017లో నోబెల్ బహుమానము లభించెను.

మనుష్యునిలో ప్రధాన గడియారము మెదడు అడుగుభాగమున, రెండు కంటినరములు ఒకదానినొకటి దాటుచోట, ఇంచుమించు 20,000 కణముల గుంపుగా నున్నది. అది చాలక కాలేయమునకును, క్లోమమునకును, కండరములకును వేరువేరు గడియారములు కలవు. పాఠశాల గంటను బట్టి తరగతులన్నియు నడచునట్లు, ఇవి ప్రధాన గడియారమును అనుసరింపవలెను. కాని యిందొక చిక్కు కలదు. మెదడులోని గడియారము వెలుతురును బట్టి దిద్దుకొనును. కాలేయములోనిది ముఖ్యముగ అన్నపు వేళను బట్టి దిద్దుకొనును. ఎలుకలు రాత్రివేళ తిరిగి తిను ప్రాణులు. వానికి పగలు మాత్రమే ఆహారమిడగా, కొన్ని దినములలో కాలేయపు గడియారము తలక్రిందయ్యెను. మెదడులోనిది మాత్రము కదలలేదు. ఒకే దేహములో ఒక అవయవమునకు పగలును, ఇంకొక దానికి రాత్రియు అయ్యెనన్నమాట. 2000 సంవత్సరమున ప్రకటింపబడిన ఈ పరిశోధనను, రాత్రి పదిగంటలకు పిల్లలకు అన్నము వడ్డించునపుడు మనము స్మరింపదగును.

ఈ గడియారములు చేయు పని యేమి? హార్మోనులకు వేళ నేర్పరచుట. చీకటి పడిన పిమ్మట మెలటోనిన్ అను హార్మోను మెదడులోని చిన్న గ్రంథి నుండి వెలువడి, రాత్రి యైనదని దేహమునకు తెలుపును. తెల్లవారుజామున కార్టిసోల్ హెచ్చి, లేచి పనిచేయుటకు దేహమును సిద్ధపరచును. పెరుగుదలకు కావలసిన హార్మోను విశేషముగ తొలిరేయి గాఢనిద్రలో స్రవించును. కనుక నిద్రయు పిల్లలకు ఒక పోషణమే. చక్కెరను అదుపులో నుంచు ఇన్సులిన్ ఉదయము పనిచేసినంత చురుకుగ రాత్రి పనిచేయదు. అదే భోజనము ఉదయము తిన్నప్పటికంటె రాత్రి తిన్నప్పుడు రక్తములో చక్కెర హెచ్చుగ నుండును. మధుమేహము ఎందరి ఇండ్లనో పట్టి పీడించు ఈ కాలమున ఇది ఉపేక్షింపదగినది కాదు.

2004లో పన్నెండుగురు ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకొననిచ్చి పరీక్షించిరి. వారు పదేసి గంటలు పడుకొన్నప్పటితో పోల్చగా, కడుపు నిండినదని తెలుపు లెప్టిన్ 18 శాతము తగ్గెను. ఆకలి పుట్టించు గ్రెలిన్ 28 శాతము హెచ్చెను. రాత్రి మేలుకొను పిల్లలు చిరుతిండ్లకు చేయి చాచుట కేవలము జిహ్వచాపల్యము కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక యౌవనపు గుమ్మమున నున్నవారి సంగతి. పదిమూడు, పదునాలుగేండ్లు వచ్చునప్పటికి మెలటోనిన్ వెలువడు వేళ సహజముగనే వెనుకకు జరుగును. నిన్నటివరకు తొమ్మిదింటికి పడుకొన్న బాలిక నేడు పదింటికిని కన్నుమూయలేకున్నచో అది అవిధేయత కాదు. అట్టివారి చేతికి ఫోను నిచ్చినచో వెనుకబడిన గడియారము ఇంకను వెనుకబడును. కంటిలో నీలపు వెలుతురును గ్రహించి వేళను మెదడునకు తెలుపు కణములు కలవు. రాత్రి ఫోనువెలుగు పడినప్పుడు అవి పగలనియే కబురంపును.

సాంగత్యమును గూర్చి ఒక్క మాట. మన మధురలోని కామరాజ విశ్వవిద్యాలయమున చంద్రశేఖరన్‌గారును, వారి సహచరులును గుహలలోని గబ్బిలములపై పరిశోధనలు చేసి 1981లో ప్రకటించిరి. చీకటి గుహలో బంధింపబడిన గబ్బిలము, స్వేచ్ఛగా వచ్చుచు పోవుచునున్న తోటి గబ్బిలముల నడుమ నున్నంతకాలము వేళ తప్పలేదు. అవి లేనప్పుడు దాని వేళ తొలగి తొలగి పోయెను. గబ్బిలమునకు చెల్లినదెల్ల మనుష్యునికి చెల్లునని మేము అనము. కాని ఇంటిల్లిపాదియు పదకొండింటివరకు టెలివిజను ముందు కూర్చుండి, పిల్లవాని నొక్కని పడుకొమ్మనుట న్యాయము కాదని మాత్రము అందుము.

మనలో మిల్లులందును, బస్సులందును, ఆసుపత్రులందును పొద్దుపోవువరకు పనిచేయువారు అనేకులు. నాయనగారు వచ్చిన పిమ్మట కలసి తిందుమని పిల్లలు కాచుకొనియుండుట కొన్ని ఇండ్లలో ఆచారము. ఆ అనురాగమును మేము తక్కువ చేయము. తండ్రికి దొరకునది ఆ ఒక్క గంటయే యనియు ఎరుగుదుము. ఐనను వేళ తప్పిన అన్నమునకును, తెగిన నిద్రకును వెల చెల్లించునది ఆ పసిదేహమే. ఊర్మిళాదేవి నిద్ర అను పాటను మన స్త్రీలు తరతరములుగ పాడుచున్నారు. లక్ష్మణుడు పదునాలుగేండ్లు మేలుకొనియుండగా ఇచ్చట ఊర్మిళ నిదురించెనట! ఒకరి నిద్రను ఇంకొకరు తీర్చుట పాటలో చెల్లును గాని ఇంటిలో చెల్లదు. పిల్లల నిద్ర పిల్లలే నిదురింపవలెను. కనుక రాత్రి కలయికను ఉదయమునకు మార్చుడని మా మనవి. ఉదయపు ఫలహారము తండ్రియు బిడ్డలును కలసి చేసినచో అనురాగమును నిలుచును, దేహమును వర్ధిల్లును.

మేము కోరునవి నాలుగే. ఒకటి, లేచిన పిమ్మట పిల్లలను కొంతసేపు ఆరుబయటి వెలుతురులో నుంచుడు. మానవుని గడియారము ఇరువదినాలుగు గంటలకంటె కొంచెము నెమ్మదిగ నడచును. దానిని దినదినము దిద్దునది ఉదయపు వెలుతురే. రెండు, ఫలహారము మానిపింపకుడు. రాత్రి భోజనము పడకకు రెండు గంటల ముందే ముగింపుడు. మూడు, పడకకు గంట ముందు ఫోనును పెద్దల చేతికి తీసికొనుడు. పెద్దలును తమది ప్రక్కన పెట్టుడు. నాలుగు, ఆరేండ్లు మొదలు పన్నెండేండ్లవరకు తొమ్మిది గంటలకు తక్కువ గాకయు, ఆ పైవారికి ఎనిమిది గంటలకు తక్కువ గాకయు నిద్ర నిండు. ఆదివారము మధ్యాహ్నమువరకు పడుకొనుట వలన బాకీ తీరదు. సోమవారపు గడియారము చెడును.

మా వంతు కూడ చెప్పవలెను. ఇంటిపని రాత్రి ఎనిమిదింటిలోపల ముగియునంతయే ఇచ్చుటకు ఉపాధ్యాయులము అంగీకరించితిమి. పదవ తరగతివారికి తెల్లవారుజాము తరగతులు పెట్టుడని కొందరు కోరుచున్నారు. పైన విన్నవించిన కారణములచే వానిని పెట్టక, సాయంకాలము బడి విడిచిన వెంటనే ఒక గంట నడపుదుము. ఇందు మీకు అభ్యంతర మున్నచో కార్యాలయమునకు వచ్చి చెప్పుడు, తప్పక విందుము.

పరాయి భాషల నడుమ మన భాషలో పిల్లలకు చదువు చెప్పించుటకు మీరు పడు శ్రమ సామాన్యమైనది కాదు. ఆ శ్రమ ఫలింపవలెనన్న ఉదయము బడికి వచ్చు బాలుడు మేలుకొనియుండవలెను. పుస్తకము కొనుటకు ధనము కావలెను. ఇంటి దీపమును వేళకు ఆర్పుటకు మనస్సు చాలును. సెలవు.